అడగని సమ్మతి

ఫిబ్రవరి 9, సోమవారం

ఇవాళ్టితో మా గణాంకాల ఆఫీసూ, నోట్లు అచ్చేసే పెద్ద బ్యాంకూ వియ్యమందుకున్నాయి. ఢిల్లీలో సంతకాలు ఎప్పుడో అయ్యాయట. మా జిల్లా లాంఛనం మాత్రం బ్రాడీపేటలో ఒక హోటల్లో జరిపించారు. ముంబై నుంచి ఇద్దరు, ఢిల్లీ నుంచి ఒకాయన వచ్చారు. వాళ్ళలో ఎవరు మగపెళ్ళివారో చివరిదాకా నాకు తెలియలేదు. ఉప్మాలో జీడిపప్పు మాత్రం ధారాళంగా వేశారు.

మా ఆఫీసరు శ్యామ్ సుందర్ అంకుల్ తెలుగులో చెప్పబట్టి మా ఫీల్డువాళ్ళకు సంగతి అర్థమైంది. ఇళ్ళకు వెళ్ళి ఏం తింటున్నారు, ఏం కొంటున్నారు, ఎవరి పేరున ఏముంది అని మేం అడుగుతాం. ధరలు పెరుగుతాయని అనుకుంటున్నారా, అప్పు ఎక్కడ చేశారు అని బ్యాంకువాళ్ళు అడుగుతారు. ఇద్దరూ చెరో ఇంటినీ అడిగితే లెక్క కలవదు. అందుకని ఇక మీదట మేం పోయినేడు వెళ్ళిన ఇళ్ళకే వాళ్ళు పెట్టుకున్న ఏజెన్సీ మనుషులు వెళతారు. మేం రాసుకున్న జవాబులు వాళ్ళ ట్యాబ్‌లో కనిపిస్తాయి. అడిగిందే అడిగి ఇంటివాళ్ళను విసిగించకుండా, మార్పు ఉందా లేదా అని సరిచూసుకుంటే చాలు. అయితే దానికి ముందు ఆ ఇంటిని అడిగిన మనిషే మళ్ళీ వెళ్ళి, మీ జవాబులు వాళ్ళకు చూపించవచ్చా అని అడగాలి. సరే అంటేనే ఆ ఇల్లు జాబితాలోకి వస్తుంది.

వద్దన్న ఇంటిని నిజంగా వదిలేస్తారా అని చెయ్యెత్తి అడిగాను. "మా హెలెన్ ఇంతే సార్, ఇంటివాళ్ళ తరఫు వకీలు" అన్నారు అంకుల్. అందరూ నవ్వారు. నాకు గర్వంగానే ఉంది. నాన్న చనిపోయిన ఏడాది నన్ను ఈ పనిలో పెట్టింది ఆయనే. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో అనకూడదని నేర్పిందీ ఆయనే. ఆఫీసులో సార్, చర్చిలో అంకుల్. ఈ డైరీలో ఎప్పుడూ అంకులే.

ఫిబ్రవరి 10, మంగళవారం

నా వంతు ఇళ్ళ జాబితా వచ్చింది. మిర్చి యార్డు వెనక కొన్ని, చీరాల మగ్గాల వీధి, అద్దంకి వైపు రెండు ఊళ్ళు. అన్నీ తిరిగి అడగాలంటే కనీసం రెండు వారాలు కావాలన్నాను. "నువ్వు వెళితే కాదనేదెవరమ్మా" అన్నారు అంకుల్.

జాబితాలో సైదాబీ గారి ఇల్లు ఉంది. ఆమె ఒప్పుకోకూడదు. ఒప్పుకోవద్దని నేను చెప్పడం ఉద్యోగానికి విరుద్ధం, అయినా చెబుతాను. పోయినేడు నేను వెళ్ళేసరికి ఆమె ఒక్కతే ఉంది. మిరపకాయలకు తొడిమలు తీసే పని నుంచి వచ్చి, మంటపుట్టిన చేతులకు మజ్జిగ రాసుకుంటోంది. మీ పేరు మీద ఆస్తి ఏమైనా ఉందా అని అడిగాను. ఇంట్లో ఇంకెవరూ వినకుండా అడగాల్సిన ప్రశ్న అది. ఆమె గుమ్మం వైపు చూసి, ఉంది అంది. అద్దంకి దగ్గర ఒక పల్లెటూళ్ళో రెండు సెంట్ల స్థలం. మొగుడు పోయాక తొడిమల పని మీద కూడబెట్టి కొనుక్కుంది. కాగితాలు ఆ ఊరి కోడలు, చిన్నప్పటి స్నేహితురాలు షాజాదీ దగ్గర ఉన్నాయి. కొడుకు ఖాజావలికి తెలియదు. వాడు చెడ్డవాడు కాదమ్మా, వాడికి ఎప్పుడూ ఏదో ఒక అవసరం ఉంటుంది, అంతే అంది.

అక్కడ ఒక గది వేసుకుంటుందట. లోపలి నుంచి గడియ పెట్టుకునే గది. ఇప్పుడు ఆమె పడుకునేది వంటింటికీ దొడ్డికీ మధ్య నడవలో. ఇంట్లో ఎవరు లేచినా ఆమెను దాటుకునే వెళ్ళాలి. గడియ అన్నప్పుడు ఆమె సిగ్గుపడింది, పట్టుచీర అడిగినట్టుగా. ఇది మీ నోటి నుంచి నా చెవికి, అక్కడితో సరి అని మాటిచ్చాను.

ఫిబ్రవరి 12, గురువారం

చీరాలలో అమ్మ బాత్రూములో జారిపడింది. తుంటి విరిగింది. రైలుకు వెళుతున్నాను. ట్యాబ్‌లో కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించాలంటే అంకుల్ దగ్గర పెట్టి, పాస్‌వర్డు చెప్పి వచ్చాను. ఇళ్ళ సంగతి వచ్చాక చూసుకుందువులే, ముందు అమ్మ అన్నారు.

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం

అంకుల్ గుంటూరు నుంచి బస్సులో పడి ఆస్పత్రికి వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. అమ్మ తల మీద చెయ్యి వేసి చాలాసేపు ప్రార్థన చేశారు. పక్క మంచాల వాళ్ళు కూడా లేచి కూర్చుని మాకూ చెయ్యండయ్యా అన్నారు. అందరికీ చేశారు. మా సొంతవాళ్ళు ఫోన్లతో సరిపెట్టారు. మనిషంటే ఆయనే.

ఫిబ్రవరి 24, మంగళవారం

గుంటూరు వచ్చేశాను. ఊరంతా కారం ఘాటు, యార్డులో సీజను మొదలైంది. ట్యాబ్ తీసుకుని సమ్మతి పేజీ తెరవబోతే తెరుచుకోలేదు. 'పూర్తయింది' అని ఉంది.

అంకుల్‌ని అడిగాను. నా బదులు వేరేవాళ్ళను పంపి పూర్తి చేయించారట. రాష్ట్రంలో మన జిల్లానే ఫస్టు అన్నారు. జూన్‌లో రిటైరయ్యాక సలహాదారుగా ఉంచుతామని ఢిల్లీవాళ్ళు మాటిచ్చారని కూడా చెప్పారు. సంతోషమే. సైదాబీ గారు ఏమన్నారో కనుక్కోవాలనుకున్నాను. ఆమెకు బుర్ర ఉంది, వద్దనే అని ఉంటుంది. పైగా ఇప్పుడు రంజాన్ ఉపవాసాలు, ఈ సమయంలో వెళ్ళి ఇబ్బంది పెట్టడం ఎందుకు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

వెళ్ళలేదు. వద్దనే అని ఉంటుంది.

మార్చి 7, శనివారం

పొద్దున్నే రెబ్కా ఫోను చేసింది. మా చర్చికి వస్తుంది, సైదాబీ గారికి పక్కిల్లు. నిన్నటి నుంచి ఆ ఇంట్లో తల్లీకొడుకులకు గొడవ, మాటల్లో నీ పేరు వినబడుతోంది అక్కా, ఒకసారి రా అంది.

వెళ్ళాను. ఖాజావలి వాకిట్లో ఆటో తుడుస్తున్నాడు. ఎప్పుడూ రండి మేడమ్ అని కుర్చీ వేసే మనిషి, గుడ్డ పిండుతూ ఉండిపోయాడు. తర్వాత చెప్పాడు. నిన్న జుమ్మా నమాజు చేసి ఇంటికి వచ్చేసరికి ఏజెన్సీ అమ్మాయి కూర్చుని ఉంది. భార్యా, తల్లీ, తనూ అందరూ ఉన్నారు. ఆ అమ్మాయి ట్యాబ్ చూసి ఒక్కొక్కటీ చదువుతూ, పోయినసారి ఇలా చెప్పారు, ఇప్పుడూ అంతేనా అని అడుగుతోంది. రేషన్ కార్డు ఉంది, అంతేనా. ఫ్రిజ్ లేదు, అంతేనా. సైదాబీ గారి పేరు మీద ఇంటి స్థలం ఒకటి ఉంది, అంతేనా.

"మా అమ్మ ఇన్నాళ్ళూ నాకు అబద్ధం చెప్పింది మేడమ్. ఆటో ఫైనాన్సువాడు నడిరోడ్డు మీద నా కాలరు పట్టుకుంటే పక్కనే నిలబడి చూసింది. స్థలం ఉండి కూడా చూసింది. మీకు చెప్పింది, నాకు చెప్పలేదు" అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను అతని మీద కోపం తెచ్చుకుందామని వెళ్ళాను, రాలేదు.

స్థలం ఎక్కడో ఆమె చెప్పడం లేదు. ఊరి పేరు ట్యాబ్‌లో ఉండదు, అదొక్కటే దేవుడి దయ. చెప్పేదాకా పనికి పంపనంటున్నాడు. పండగకు మేనమామల్ని పిలిపించి తేలుస్తాడట. తేలితే అమ్మకానికే. లోపల నడవలో ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. నన్ను చూసి కొంగు సర్దుకుని అటు తిరిగింది. ఎంత తిట్టినా పడేదాన్ని.

ఏజెన్సీ పిల్లకు బుద్ధి ఉండక్కర్లేదా. అలాంటిది పక్కకు తీసుకెళ్ళి అడగాలని ఎవరూ నేర్పలేదా. తప్పంతా దానిదే.

మార్చి 8, ఆదివారం

చర్చిలో అంకుల్ పలకరించారు. ఇది అక్కడ అడిగే మాట కాదు.

మార్చి 9, సోమవారం

అడిగాను. అంకుల్ చాలా బాధపడ్డారు. ఏజెన్సీవాళ్ళు కూలికి తెచ్చిన పిల్లలమ్మా, వాళ్ళకేం తెలుసు అన్నారు. నేనూ అదే అన్నాను. సైదాబీ గారు ఎలా ఒప్పుకుందో అర్థం కావడం లేదంటే, మనుషులు ఒక్కోసారి మనసు మార్చుకుంటారు అన్నారు. నిజమే.

నిజమేనా?

మార్చి 10, మంగళవారం

ఏజెన్సీ అమ్మాయిని పట్టుకున్నాను. పేరు నగ్మా. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉంటే ఈ పనిలో చేరిందట. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు మెట్ల మీద కూర్చోబెట్టి నాలుగు చివాట్లు పెట్టాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది. తెర మీద ఏది వస్తే అది చదవమన్నారు మేడమ్ అంది. వాళ్ళు తలుపు తియ్యకపోతే హెలెన్ మేడమ్ పంపారని చెప్పమన్నారు. అందుకే ఏ ఇంట్లోనూ కాదనలేదు మేడమ్, మీ పేరు చెబితే మంచినీళ్ళు కూడా ఇచ్చారు అంది.

ఎవరు చెప్పమన్నారంటే, మీ సారే అంది. నేను ఏదో అనబోతుంటే ట్యాబ్ తీసి చూపించింది. సైదాబీ గారి ఇల్లు. సమ్మతి: ఇచ్చారు. తీసుకున్నవారు: హెలెన్. తేదీ: ఫిబ్రవరి 18. కిందికి జరిపి చూశాను. చీరాల మగ్గాల వీధి, అద్దంకి ఊళ్ళు, అన్నీ ఇచ్చారు, హెలెన్, ఫిబ్రవరి 18.

మార్చి 11, బుధవారం

పద్దెనిమిదిన నేను చీరాలలో ఉన్నాను.

మార్చి 12, గురువారం

సాఫ్ట్‌వేరు తప్పు అయి ఉండొచ్చు. కొత్తది ఎక్కించినప్పుడు పాత పేర్లు వాటంతటవే పడతాయని విన్నాను. మార్క్‌తో ఆ మాటే అన్నాను. మా ఆయన పిల్లలకు డ్రాయింగు చెప్పే మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. "పద్దెనిమిదినాడు ఆయన నీకు బత్తాయిలు తెచ్చింది పొద్దునా, సాయంత్రమా?" అని అడిగాడు.

సాయంత్రం.

మార్చి 13, శుక్రవారం

తలుపు దగ్గరగా వేసి అడిగాను. అబద్ధం చెబుతారనుకున్నాను. అబద్ధం చెప్పినా బావుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, అవునమ్మా నేనే పెట్టాను అన్నారు. ఏదో ఉప్పు డబ్బా సర్దిపెట్టాను అన్నంత మామూలుగా.

అడక్కుండా ఎలా పెట్టారు అన్నాను.

"ఎవరు కాదంటారమ్మా నిన్ను? నువ్వు వెళ్ళి అడిగినా అవుననే అనేవాళ్ళు. ఆ తిరుగుడు నీకు తప్పించాను. ఇంకొకళ్ళ పేరు మీద అన్ని అవునులు కనిపిస్తే పైవాళ్ళు అనుమానించేవాళ్ళు. నీ పేరు మీద ఎవరూ తిరిగి చూడరు."

నా వంతువి మాత్రమే కాదు, పని మానేసినవాళ్ళ ఇళ్ళు కూడా నా పేరు మీదే పెట్టారట. ఒప్పందంలో ఆ షరతు రాసి ఉంది కదా, అందరికీ మీరే చదివి వినిపించారు కదా అన్నాను. "ఒప్పందాలు పెద్దవాళ్ళ మధ్య మర్యాద కోసమమ్మా. గడువు మన నెత్తి మీద ఉంటుంది" అన్నారు. తర్వాత, మీ నాన్న ఉంటే నన్ను ఇలా నిలదీసేవాడు కాదు అన్నారు. నాన్న పేరెత్తగానే నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వచ్చేశాను. కంచే చేను మేసిందని ఊరికే అంటాంగానీ, ఆ కంచె మీద బట్టలారేసుకుని బతికిన మనిషికి ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

పద్దెనిమిదిన మధ్యాహ్నం ఆ పని ముగించుకుని, సాయంత్రం బస్సెక్కి వచ్చి అమ్మ తల మీద చెయ్యి వేశారు. ఆ ప్రార్థన కూడా నిజంగానే చేశారు, నాకు తెలుసు. అదే మింగుడు పడడం లేదు.

ఇక ఆయన్ను అంకుల్ అని రాయలేను.

మార్చి 14, శనివారం

పై ఆఫీసుకు ఫిర్యాదు పంపాను. పద్దెనిమిదిన నేను ఆస్పత్రిలో ఉన్నట్టు కాగితాలు జతచేశాను. మార్క్ చదివి పెట్టి, ఇది గట్టిగా ఉంది, ఆయన తప్పించుకోలేడు అన్నాడు. తప్పించుకోకూడదు. రేపు చర్చికి వెళ్ళను.

మార్చి 16, సోమవారం

విచారణకు అధికారి ఇరవై అయిదున వస్తారట. శ్యామ్ సుందర్ గారు కారిడార్‌లో ఎదురైతే నేనే తలెత్తి చూశాను. ఆయన దించుకున్నారు. చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

మార్చి 17, మంగళవారం

బీపీ మాత్రలకని చెప్పి సైదాబీ గారిని రెబ్కా తన ఇంటికి తీసుకొచ్చింది. నన్ను పిలిపించింది సైదాబీ గారే. మనిషి తగ్గిపోయింది. పని లేక చేతులు తెల్లబడ్డాయి. జరిగిందంతా చెప్పాను. నేను అడగలేదనీ, నా పేరు వేరేవాళ్ళు పెట్టారనీ, విచారణ వస్తోందనీ, వాళ్ళకు శిక్ష పడుతుందనీ. శ్రద్ధగా వింది.

"శిక్ష పడితే నా స్థలం నాకుంటుందా అమ్మా?" అంది.

విచారణలో నేను గెలవాలంటే ఆమె జవాబు నిజమని, అది దాచాల్సిన నిజమని, దాన్ని బయటపెట్టారని చెప్పాలి. ఎన్ని చోట్ల చెబితే అన్నిసార్లు ఆ స్థలం ఉన్నట్టే.

అప్పుడు అడిగింది. మావాడికి కాగితం దొరకలేదు, ఊరు తెలీదు, వాడి దగ్గరున్నది ఆ మిషను చదివిన మాట ఒక్కటే. ఆ మాట తప్పని మీరు వచ్చి చెప్పండి. నన్ను అడక్కుండానే ఎక్కడో కూర్చుని రాసేశానని చెప్పండి. మీరు చెబితే నమ్ముతాడు. పండగ రోజు మా అన్నదమ్ములు వస్తారు, వాళ్ళ ముందు చెబితే ఇక ఎవరూ ఎత్తరు.

చేతులు జోడించలేదు, ఏడవలేదు. మందులచీటీ అడిగినంత సూటిగా అడిగింది. నేను అడక్కుండా రాసేదాన్ని కానని మీకు తెలుసు కదా అన్నాను. "నాకు తెలుసు కాబట్టే అడుగుతున్నా" అంది.

మార్చి 18, బుధవారం

చెప్పను. నా పని నా చేతులతో నేనే అబద్ధం చేసుకోవాలా? ఎండనక వాననక తిరిగి ఒక్క గడి కూడా ఊహించి నింపలేదు. ఆ మాట అన్నాక నా ఫిర్యాదు ఎవరు నమ్ముతారు? ఆ పెద్దమనిషి కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు.

మార్చి 19, గురువారం

చెప్పను.

మార్చి 20, శుక్రవారం

మార్క్‌ని అడిగాను, నువ్వైతే ఏం చేస్తావని. కుంచెలు ఒక్కొక్కటీ కడిగి గ్లాసులో నిలబెట్టాడు. ఆయన్ను గెలవనివ్వడం నాకిష్టం లేదు అన్నాడు. నాకూ అంతే. అయితే ఆమె నడవలో పడుకోవడం కూడా ఇష్టం లేదు అన్నాడు. ఏదో ఒకటి చెప్పు మగడా అంటే, నేను చెప్పేదేముంది, నువ్వు ఇస్త్రీ చీర తీసి పెట్టుకున్నావుగా అన్నాడు.

మార్చి 21, శనివారం

రంజాన్ పండగ.

వాళ్ళింటి ముందు చెప్పులు గుమ్మం దాకా ఉన్నాయి. ముగ్గురు అన్నదమ్ములూ అద్దంకి నుంచి వచ్చారు. పెద్దాయన ఇమాం హుస్సేన్ కుర్చీలో, మిగతావాళ్ళు చాప మీద. నన్ను చూసి ఖాజావలి లేచాడు. కోడలు అలవాటు కొద్దీ సేమ్యా గ్లాసు చేతికిచ్చింది. అది పట్టుకునే చెప్పాను. పోయినేడు నేను మీ ఇంటికి సరిగ్గా రాలేదు. ఎండగా ఉందని టీకొట్లో కూర్చుని మీ ఇంటి గడులు నాకు తోచినట్టు నింపేశాను. స్థలం ఉందని మీ అమ్మగారు నాతో అనలేదు. నేనే రాశాను.

ఖాజావలి నా మొహంలోకి చూస్తున్నాడు. మీరు అలాంటివారు కాదు మేడమ్ అన్నాడు, నమ్మలేక. అక్కడ నేను తడబడ్డాను. ఇంకొక్క క్షణం అయితే నిజం చెప్పేసేదాన్ని.

అప్పుడు సైదాబీ గారు లోపలి నుంచి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. "నా పేరు మీద అబద్ధం రాస్తావా? ముసలిదాన్ని నా కొడుకు ముందు దొంగను చేస్తావా? ఈ నెల్లాళ్ళ ఉపవాసం నేను కన్నీళ్ళతో విడిచాను తెలుసా? తిన్న ఇంటికి ఇదేనా నువ్వు చేసేది?" అంది. వీధిలో వాళ్ళు తొంగి చూశారు. ఆపలేదు. నా చేతిలో గ్లాసు లాక్కుంది. ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కొద్దు అంది. నిన్న రాత్రి రెబ్కా చేత కబుర్లు పంపుకుని ఇద్దరం అనుకున్న నాటకమే. కానీ మాట మాటకీ ఆమె గొంతులో మంట పెరుగుతూ పోయింది. కొంత దూరం వెళ్ళాక అది నాటకం కాదు. నేను మాటిచ్చాను, ఆ మాట నా పేరు మీదే తెగింది. ఆ తిట్లు నాకు రావాల్సినవే, నేను తలొంచుకుని తీసుకున్నాను.

ఖాజావలి ఇదంతా ఫోనులో తీశాడు. ఈ మాట ఆఫీసులో కూడా చెప్పాలి మేడమ్, మా అమ్మ పేరు అక్కడ కూడా బాగుపడాలి అన్నాడు. ఆ ఏజెన్సీ అమ్మాయి నంబరుకు నా ముందే పంపించాడు. తల్లి దగ్గరకు వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని, క్షమించమ్మా అన్నాడు. ఇమాం హుస్సేన్ గారు, పోనీలే, ఇకనైనా ఆమెను పనికి పోనివ్వు అన్నారు.

ఆటో దొరక్క చాలా దూరం నడిచాను.

మార్చి 25, బుధవారం

వీడియో నాకంటే ముందే విచారణకు చేరింది.

అధికారి పెద్దమనిషే, గొంతు పెంచలేదు. ఫిర్యాదు ఒక పక్క, ఫోను ఒక పక్క పెట్టుకుని, అమ్మా ఇందులో మీరే ఉన్నారా అని అడిగారు. ఉన్నాను అన్నాను. అడక్కుండా రాసింది నిజమేనా అన్నారు. కాదంటే ఆ మాట సాయంత్రానికి ఖాజావలికి చేరుతుంది. నిజమే అన్నాను. అయితే ఈ ఫిర్యాదు మాటేమిటి అన్నారు. పద్దెనిమిదిన నేను ఆస్పత్రిలో ఉన్నాను, అది కూడా నిజమే అన్నాను. ఆయన కలం కింద పెట్టారు. ఇల్లు తొక్కకుండా జవాబులు రాసే మనిషి, ఆస్పత్రిలో కూర్చుని సమ్మతి పెట్టలేదంటే ఎలా నమ్మమంటారు అన్నారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

శ్యామ్ సుందర్ గారిని పిలిపించారు. వీడియో చూపించారు. ఆయన చూస్తున్నంతసేపూ నేను ఆయన్నే చూశాను. నేను టీకొట్లో కూర్చుని రాసే మనిషిని కానని భూమ్మీద అందరికంటే బాగా తెలిసింది ఆయనకే, నేర్పిందే ఆయన. ఎందుకు ఆ మాట అన్నానో కూడా ఆయనకు అర్థమైంది. చూపు ఒక్కసారి నా మీదికి వచ్చి వెళ్ళింది. ఇప్పుడైనా చెబుతారనుకున్నాను. ఇంత జరిగాక కూడా అనుకున్నాను, నా అంత పిచ్చిది ఉండదు.

"నా కూతురులా పెంచాను సార్" అన్నారు. "ఇలా చేస్తుందని కలలో కూడా అనుకోలేదు. కఠినంగా ఏమీ చెయ్యకండి, ఇంట్లో తల్లికి బాగోలేదు." కళ్ళు తుడుచుకున్నారు.

నా కాంట్రాక్టు రద్దు చేశారు. ట్యాబ్, గుర్తింపు కార్డు ఇచ్చేశాను. రెండు పెద్ద సంస్థల మధ్య నమ్మకం దెబ్బతినకుండా, నేను తిరిగిన ఇళ్ళన్నిటి జవాబులూ పక్కన పడేస్తారట. చీరాలవీ, అద్దంకివీ, అన్నీ. సైదాబీ గారివి కూడా. అది ఒకటే లాభం.

మార్చి 27, శుక్రవారం

రెబ్కా చెప్పింది, ఆమె మళ్ళీ తొడిమల పనికి వెళుతోంది. కొడుకే ఆటోలో దింపుతున్నాడు. షాజాదీకి కబురు వెళ్ళిందట, గోడలు మొదలుపెట్టించమని.

మార్చి 29, మట్టలాదివారం

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళకపోతే రెబ్కా తప్ప మిగతా వాళ్ళందరూ ఎందుకు రాలేదని అడుగుతారు. ఆ వీధి నుంచి మా చర్చికి నాలుగిళ్ళవాళ్ళు వస్తారు. అడిగినకొద్దీ ఏదో ఒకటి బయటికొస్తుంది. మార్క్ కూడా వచ్చాడు, మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. పిల్లలు మట్టలు ఊపుతూ పాడారు. ఆరాధన చివర సంఘ ప్రార్థన ఈ వారం శ్యామ్ సుందర్ గారి వంతు.

దేశం కోసం చేశారు, పంట ధర కోసం చేశారు, రోగుల కోసం చేశారు. ఆ తర్వాత, మా మధ్య తప్పిపోయిన ఒక సహోదరి కోసం అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు, రెండు వరుసలు వెనక్కి తిరిగి చూశాయి. నమ్మిన పనిలో అబద్ధమాడిన ఆమెను నీవు క్షమించు ప్రభువా, నేను ఇప్పటికే క్షమించాను అన్నారు. గొంతులో ఏడుపు నిజమైనదే. ఆ మనిషి ఎప్పుడూ నిజంగానే ప్రార్థన చేస్తాడు.

మార్క్ లేచాడు. చెక్క బల్ల కిర్రుమంది. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని ఉండగా గుడి మధ్య నుంచి నడిచి బయటికి వెళ్ళిపోయాడు. నాకూ కాళ్ళు లేచాయి. నేను కూడా లేచి వెళ్ళిపోతే ఇవాళ సాయంత్రానికి ఊరంతా ఎందుకని అడుగుతుంది. రేపటికి ఎవరో ఒకరు ఏదో ఒకటి ఊహిస్తారు. ఎల్లుండికి అది ఖాజావలి ఆటో ఎక్కుతుంది. అక్కడ గోడలు ఇంకా మోకాలెత్తు కూడా లేవలేదు.

కూర్చున్నాను. ఆయన ప్రార్థన ముగించారు. అందరికంటే ఒక క్షణం వెనగ్గా, అందరికీ వినిపించేలా, ఆమెన్ అన్నాను.